వాకౌట్ వీరుడు

ప్రతిపక్ష ఎమ్మెల్యే శ్యాంసుందర్ ఊళ్లను మున్సిపాలిటీల్లో కలిపే బిల్లు ప్రతిని పర్రున చింపి, ఒంటికాలి మీద లేచి, రెండుకాళ్ల మీద సభలోంచి బయటికొచ్చాడు. వెంట ఆయన పార్టీ మొత్తం వచ్చింది.

మీడియా పాయింటు దగ్గర నాగవ్వ కాచుకుని ఉంది. సుల్తానాబాద్ పక్క ఊరి నుంచి బస్సెక్కి వచ్చింది.

“ఏమాయె కొడుకా? మా ఊరును మున్సిపాల్టీల కలిపితే ఉపాధి పని బందయితది.”

“ఫికర్ జెయ్యకు అవ్వా! వాకౌట్ జేసినం!”

“అంటే?”

“అలిగి బయటికొచ్చినం.”

“దావత్ల అలిగి లేస్తే మన ముక్కలు పక్కోడు తింటడు. మరి లోపల కాదనేటోడెవడు?”

“గది నిరసన అవ్వా, నీకు తెల్వది.” వాక్కు వాడాల్సినచోట వాకౌట్ వాడిన వీరుడు కెమెరాల కోసం మీసం దువ్వుకున్నాడు.

పక్కనే విలేకరి ఫోన్లో సభ ప్రత్యక్షంగా వస్తోంది.

“బిల్లుకు అనుకూలమైనవారు అవుననండి,” అన్నారు స్పీకర్.

“అవును!” ఫోను దద్దరిల్లింది.

“వ్యతిరేకులు కాదనండి.”

చడీచప్పుడు లేదు.

“కాదు!” నాగవ్వ ఫోన్లోకి అరిచింది. “కాదు, కాదు!”

“బిల్లు ఆమోదం పొందింది.”

మైకులన్నీ శ్యాంసుందర్ మూతి దగ్గరికి చేరాయి. ఆయన మీసం మీంచి చెయ్యి తీసేశాడు.

“కాదన్నది గీ అవ్వొక్కతే. ఆమెనే అడుగుర్రి,” అంటూ పక్కకు జరిగాడు.