వేడెక్కితే ఆగే బండి

"బావా, కొత్త సెన్సర్ ఏసినం. మళ్ల గదే కథ. నడిమిట్ల ఆగింది."

ఫోన్‌లో వినోద్ గొంతు వినగానే మహేందర్ మంచం మీద లేచి కూర్చున్నాడు. రూంలో ఉండే బీహార్ వాళ్లు ఏడుగురూ డ్యూటీ దిగి నిద్రపోతున్నారు. గోడ అవతల మిషన్ల చప్పుడు ఆగకుండా వస్తోంది.

వినోద్ అతని బామ్మర్ది. కోరుట్లలో ఇంటి ముందు ఉన్న పాత డీజిల్ పికప్‌ను మహేందర్ అతనికే అప్పగించాడు. పదకొండు నెలల కింద మస్కట్‌కని సూట్‌కేస్ పట్టుకుని బస్సెక్కుతూ గట్టిగా చెప్పాడు కూడా. బండిని కిరాయికి తిప్పొద్దు. వారానికోసారి స్టార్ట్ చేసి ఊళ్లో ఒక్క చుట్టు తిప్పితే చాలు. భార్య శ్రీలతను, పాప శ్రీజను కనిపెట్టుకుని ఉండాలి.

"ఏ సెన్సర్ ఏసిన్రు?"

"రేల్ ప్రెషర్‌ది, ఇంజిన్‌కు డీజిల్ పోయే పైపుది. మెకానిక్ స్కానర్ పెడితే గదే చూపిచ్చింది."

మహేందర్ కళ్లు మూసుకున్నాడు. పదేళ్లు తోలిన బండి. ఏ బోల్టు ఎక్కడుందో తడుముకోకుండా చెప్పగలడు.

"ఆగినంక సెల్ఫ్ కొడితే ఆర్పీఎం ముల్లు లేస్తుందా?"

"లేస్తలేదు. సున్న మీదనే ఉంటది."

"చల్లబడినంక?"

"అరగంట ఆగితే ఏం కానట్టు స్టార్టయితది."

"అయితే రేల్‌ది కాదురా, క్రాంక్ సెన్సర్. ఇంజిన్ తిరుగుతున్నదని కంప్యూటర్‌కు చెప్పేది గదే. వేడెక్కితే సచ్చిపోతది, చల్లబడితే లేస్తది. ఈసారి ఆగినప్పుడు దాని మీద తడిబట్ట ఎయ్యి. జల్ది స్టార్టయితే దొంగ దొరికినట్టే."

దొంగ దొరికింది. రెండు రోజుల తర్వాత వినోద్ కొత్త క్రాంక్ సెన్సర్ కొనుక్కొచ్చి వీడియో కాల్ చేశాడు. మహేందర్ తన వైపు కెమెరా ఆపేశాడు. ఎప్పుడూ అంతే. నెట్ ఆగుతుందని చెబుతాడు.

"మస్కట్ల ఎండలు ఎట్లున్నయి బావా?"

"ఎండలకేంది, కొడుతున్నయి. నువ్వు బండి కిందికి దూరు. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే కాడ చూడు. ఒక్కటే బోల్టు ఉంటది. పది నంబర్ పానా పెట్టు. వైరు గుంజకు, క్లిప్పు నొక్కి తియ్యి."

పాత సెన్సర్ బయటికి వచ్చింది. కొన మీద నల్లటి జిడ్డు, ఇనుప పొడి. వేడికి ప్లాస్టిక్ పగిలి ఉంది. కొత్తది బిగించి తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. ఎన్ని రోజులకో ఆ చప్పుడు విని మహేందర్ నవ్వాడు.

"ఇగ వేడి చేసి చూడాలె. మామూలుగ ఎంత దూరం పోతే ఆగుతుండె?"

"మేడిపల్లి దాటంగనే బావా. జగిత్యాల దాకా ఒక్కసారి గూడ..."

వినోద్ నాలుక కరుచుకున్నాడు.

మహేందర్ నవ్వు ఆగిపోయింది. ఊళ్లో ఒక్క చుట్టు తిరిగే బండికి మేడిపల్లిలో ఏం పని? అసలు ఒక్క చుట్టుకే ఇంజిన్ అంత ఎందుకు వేడెక్కుతుంది?

"మీటర్ చూపియ్యి."

"బావా..."

"చూపియ్యిరా!"

తాను వచ్చేటప్పటికంటే తొమ్మిది వేల కిలోమీటర్లు ఎక్కువ ఉంది.

"వారం వారం ఏం చెప్పినవురా? ఇంటి ముంగట్నే ఉన్నది, దుమ్ము తుడుస్తున్న అంటివి. నా బండి మీద కిరాయిలు కొట్టుకుంటున్నవా?"

వినోద్ మీటర్ దగ్గర నుంచి వెనక్కి జరిగాడు. అతని చేతిలో ఫోన్ కదిలి, డ్రైవర్ సీటు కనిపించింది. స్టీరింగ్‌కు ఆనేంత ముందుకు జరిపి ఉంది. వినోద్ ఆరడుగుల మనిషి. అక్కడ అతని మోకాళ్లు పట్టవు.

"ఎవరు తోలుతున్నరు?"

ఫోన్ చేతులు మారింది.

"నేనే" అంది శ్రీలత.

మహేందర్ ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

"తమ్ముడు నేర్పిండు. ఆరు నెలలాయె. పొద్దుగాల కూరగాయలు జగిత్యాల మార్కెట్‌కు ఏస్తున్న. బీడీలు చుట్టి చుట్టి నడుం పోయింది. చెప్తే నువ్వు వద్దంటవని చెప్పలే."

"ఇద్దరు గలిసి నన్ను పిచ్చోన్ని చేసిన్రు. ఆరు నెలలు! రోజూ ఫోన్ల నవ్వుకుంట మాట్లాడినవు. నేను గిక్కడ ఎట్ల బతుకుతున్ననో తెలుసా? ఇగ నిన్ను ఎట్ల నమ్మాలె?"

ఆ అరుపుకు పక్క మంచం మీది మనిషి లేచి చూసి మళ్లీ పడుకున్నాడు.

"తప్పే శ్రీజ డాడీ" అంది శ్రీలత ఏడుస్తూ. "బండి తోలుడు తప్పు గాదు, దాచుడు తప్పు. నువ్వు ఏం తిన్నది, ఎప్పుడు పన్నది గూడ చెప్తవు. నేనే దాచిన."

మహేందర్ గోడకు ఆనుకున్నాడు. కట్టుకున్నదే మోసం చేస్తే ఇంకెవరితో చెప్పుకోవాలి?

శ్రీలత ముక్కు తుడుచుకుంది. "ఇయ్యాల్టి సంది ఏదీ దాచ. రేపు దూరం కిరాయి దొరికింది. చందుర్తి మీదికెల్లి సిరిసిల్లకు పోతున్న. సాంబయ్య సేటు గోదాంల బట్ట బేళ్లు ఎత్తుకోవాలె."

మహేందర్ ఫోన్ మైకును అరచేత్తో మూశాడు.

"హలో? వినవడుతుందా?"

"గది వద్దు. బండి ఆగుతది."

"ఎట్ల ఆగుతది? నువ్వే గద సెన్సర్ మార్పిచ్చినవు! పదింటికల్ల ఆడ ఉంట" అని శ్రీలత ఫోన్ పెట్టేసింది.

మహేందర్ చెప్పులేసుకుని మెట్లు దిగి, కింద గోదాంలో బేళ్లకు నంబర్లు వేస్తున్న సాంబయ్య సేటు ముందు నిలబడి, "సేటూ, రేపు కోరుట్ల బండికి నాతోని లోడు ఎత్తియ్యకున్రి, నన్ను లోపల బట్ట నేసే సాంచాల కాడ పెట్టున్రి" అని చేతులు జోడించాడు.