గోరువెచ్చటి నీళ్లు

హాల్వర్ నిన్న పడవెక్కి ట్రాండ్‌హైమ్ వెళ్లి డాక్టరుకు చూపించుకొచ్చాడు. భార్యతో, "ఏమీ లేదన్నాడు" అన్నాడు.

ఇవాళ కాఫీ కప్పులో విత్తనం బఠాణీలు నానబోస్తున్నాడు.

భార్య సిగ్నె పకపకా నవ్వింది. "ఇన్నేళ్లూ నేను నానబోస్తుంటే, గింజలకు స్నానాలేమిటని వెక్కిరించావుగా!"

"నానితే త్వరగా మొలుస్తాయన్నావుగా."

"మొలిస్తే మాత్రం? కాయలు ఆగస్టుకు గానీ రావు. పెరట్లో మంచే ఇంకా పూర్తిగా కరగలేదు. నీకేం తొందరయ్యా?"

"కాయలు నువ్వు తిందువులే. నాకు మొలకలు చూస్తే చాలు."

సిగ్నె నవ్వు ఆగిపోయింది. కప్పు చేతిలోకి తీసుకుంది.

తర్వాత ఆ చల్లనీళ్లు వంపేసి, పొయ్యి మీది కెటిల్ అందుకుంది.

"గోరువెచ్చటి నీళ్లు పొయ్యాలి, మొద్దూ!" అంది. "ఇంకా త్వరగా మొలుస్తాయి."