రిలీవరు

హిందూపురం స్పిన్నింగు మిల్లులో నీలావతికి అది మొదటి రాత్రి. మిషన్ల హోరులో, సూపర్‌వైజరు ఈరన్న మొదలుకొని ప్రతి ఒక్కరి చెవిలోనూ అరిచి పేరు చెప్పుకుంది. అందరూ నవ్వి తలూపారు.

చివరి మిషను దగ్గర ఒళ్లంతా దూది పట్టిన ఆడమనిషి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నాకు రిలీవరు నువ్వేనా పాపా? నా తావుకి ఒకరొస్తేగానీ నేనింటికి పోయేకి ల్యా."

కాదంటే దొరక్క దొరికిన పని ఎక్కడ పోతుందోనని, "నేనేలే అక్కా" అంది నీలావతి.

ఆ మనిషి ఏడుస్తూ పరుగెత్తింది.

తెల్లారింది. షిఫ్టు మారి అందరూ వెళ్లిపోతున్నారు. నీలావతి కాళ్లు మాత్రం మిషను దగ్గర్నుంచి కదలడం లేదు. ఈరన్న పక్కగా వచ్చినప్పుడు అతని చెవిలో గొంతు చించుకుంది.

"అన్నా, నేను, నీలావతిని! నాకింకా రిలీవరు రాల్యా!"

ఈరన్న చెవి మీది దూదిపింజ దులుపుకుని సాగిపోయాడు.