చివరి మూడక్షరాలు

"నీ... ళ్లూ..."

బండారులంకలో కామాక్షి గుమ్మం ముందు నిలబడి ఎవరో పెద్దాయన పాడాడు. ఎడమచేత్తో తొడ మీద తాళం కూడా వేశాడు. కుడిచెయ్యి లాల్చీ జేబులోనే ఉంది.

ఎనభై మూడు వేసవి. ఎండ మండిపోతోంది.

కామాక్షి నవ్వాపుకుని చెంబుతో నీళ్లిచ్చింది.

"ఏ ఊరండీ మీది?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు.

అరుగు మీద ఆమె మామగారు సత్తియ్య కూర్చుని ఉన్నాడు. జీవితమంతా మగ్గం నేసిన మనిషి. కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా రెండూ పోయాయి. ఆకలేసినా "ఊఁ", కోపమొచ్చినా "ఊఁ".

కొడుకు రమణ మగ్గాల షెడ్డు నుంచి రాగానే తండ్రి ముందు కూర్చునేవాడు.

"నాన్నా, ఒక్కసారి నన్ను పేరెట్టి పిలు."

సత్తియ్య పెదవులు వణికేవి. అంతే. రమణ పెరట్లోకి పోయి కళ్లు తుడుచుకునేవాడు.

పెద్దాయన సత్తియ్య మూతి వంకర చూశాడు. చెంబు కింద పెట్టి పక్కన చేరాడు. సత్తియ్య ఎడమ అరచేతిలో తడుతూ మళ్లీ అదే పాట అందుకున్నాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

ఒక మధ్యాహ్నం సత్తియ్య గొంతులోంచి పాట వచ్చింది. "నీ... ళ్లూ..."

కామాక్షి చేతిలో చేట జారిపోయింది.

"బాబుగారూ, మా ఆయన పేరు కూడా అనిపించండి. అది వచ్చేకే ఆయనకి చెప్తాను."

ఏం పేరన్నట్టు ఆయన కళ్లెగరేశాడు.

మొగుడి పేరు నోటితో ఎలా అంటుంది? "ఏడుకొండలవాడి పేరేనండి. అంత పొడుగొద్దు. చివరి మూడక్షరాలు చాలండి."

ఆయన పకపకా నవ్వాడు. "ర... మ... ణా..."

చర్చిలో పాడుకునే వరస అది. మాటలు అరుగు దగ్గరే ఆగాయి గానీ వరస వీధి దాటింది.

"మీ ఇంట్లో ప్రార్థనలు మొదలయ్యాయంట కదా?" అన్నాడు టీ కొట్టు దగ్గర గంగరాజు. "నోరు లేనోడు కాదనలేడని, మీ నాన్నని మతంలో కలిపేస్తున్నారు. చూసుకో."

రమణకి కోపం ముందు, ఆలోచన తరవాత. ఒక్క ఉరుకున ఇంటికొచ్చాడు. సత్తియ్య కళ్లు మూసుకుని ఊగుతున్నాడు.

"ఎవడ్రా నువ్వు? ఎవరు పంపేరు నిన్ను?"

పెద్దాయన లేచాడు. చెయ్యి తొడ మీదికి పోయింది.

"వ... ద్దం... డీ..."

చుట్టూ మూగినవాళ్లు నవ్వారు. నవ్వడానికి జనం ఎప్పుడూ తీరిగ్గానే ఉంటారు.

"నన్నే వెక్కిరిస్తావా?"

చెంప ఛెళ్లుమంది.

"వ... ద్దం... డీ... బా... బూ..."

"దెబ్బలు తింటా పాటేంట్రా!"

ఇంకో దెబ్బకి ఆయన అరుగు మీంచి పడ్డాడు. పడినచోట కూడా తాళం ఆపలేదు.

కామాక్షి పెరట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి ఆయన వీధి మలుపు తిరిగిపోయాడు.

"ఎంత పని చేసేరండీ! మామయ్యగారికి మీ పేరే నేర్పుతున్నారండీ ఆయన!"

సత్తియ్య ఆ రోజు నుంచి నీళ్లు కూడా అడగలేదు.

వానలు పడ్డాక కాకినాడ తీసుకెళ్లారు. కామాక్షి చెప్పింది విని కుర్ర డాక్టరు కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"పాటలో అన్నాడా? మాటలుండేది మెదడులో ఎడమపక్కమ్మా. అక్కడే దెబ్బ తగిలింది. పాటకి కుడిపక్క కూడా పనిచేస్తుంది. రోజూ తాళంతో అనిపిస్తే అక్కడి నరాల కణాలు ఒకదాన్నొకటి కొత్తగా అందుకుంటాయి. తెగిన పోగు మీరు అతకరూ? అలాగే. మధ్యలో మానేస్తే ఆ అతుకు ఊడిపోతుంది. ఎవరాయన? వెంటనే పిలిపించండి."

రమణ ఊళ్లన్నీ తిరిగాడు. చివరికి అమలాపురంలో, ఒక చర్చి వెనక ఇంట్లో కనబడ్డాడు పెద్దాయన. మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"తప్పయిపోయిందండి. మా నాన్న కోసం ఒక్కసారి రండి."

రమణ కాళ్ల మీద పడబోతే ఆయన గోడకి జరిగిపోయాడు. ఎడమచెయ్యి తొడ మీద తట్టింది. నోరు తెరుచుకుంది. ఏమీ రాలేదు. మళ్లీ తట్టాడు.

ఆయన భార్య సువార్తమ్మ లోపల్నుంచి వచ్చింది. ఈ మనిషెవరో ఆమెకి తెలీదు.

"ఏమీ అనుకోకండి బాబూ. పక్షవాతం వచ్చి ఈయనకి మాట పడిపోయిందండి. నీళ్లన్నా, వద్దన్నా పాట కట్టే అనేవారు. బండారులంకలో తనలాంటాయన ఒకాయన దొరికేడని రోజూ సంబరంగా నడిచెళ్లేవారండి. అక్కడెవరో కొట్టేరంట... అప్పట్నుంచి ఆ పాట కూడా పోయిందండి."