కుడికి జరిగిన గురి

"బ్యారెల్ క్లీన్ చేశా, స్క్రూలన్నీ టైట్ చేశా, బుల్లెట్లు కూడా మార్చా. అయినా ప్రతి షాట్ కుడికే పోతోంది," అన్నాడు అనూప్, అమెరికాలోని బెంటన్‌విల్ ఇంటి గరాజ్‌లో వేటకి వాడే లీవర్ రైఫిల్‌ని బల్లమీద పెట్టి.

"పోనీ, ఆ వేట మానేయొచ్చుగా," అంది అతని భార్య మృదుల.

"నీకు అబద్ధం చెప్పాను మృదూ. మొన్న వేటలో జింక తప్పించుకోలేదు. గుండెకి గురిపెడితే తొడకి తగిలింది. కుంటుకుంటూ పొదల్లోకి పోయింది. నెత్తురు చుక్కలు చూసుకుంటూ సాయంత్రందాకా వెతికా, దొరకలేదు. ఎక్కడ పడి కొట్టుకుందో! నా చెయ్యే వణికిందేమో."

మృదుల గుమ్మం దాటి బల్ల దగ్గరికి వచ్చింది.

అనూప్ ఫోన్ లైట్ వేసి రైఫిల్ మీదికి వంగాడు. "ఇదిగో! గురి చూసే వెనక సైట్ కాస్త కుడికి జరిగింది. మెల్లిగా కొడితే సెట్ అవుతుంది. ఇనుముతో కొడితే గీతలు పడతాయి. మన యాలకులు దంచే ఇత్తడి రోకలి తెస్తావా?"

ఆమె తెచ్చింది గానీ అతని చేతికివ్వలేదు.

"నేను కొడతాను. రెండు దెబ్బలు చాలు," అంది తలెత్తకుండా. "జింకలు బతుకుతాయని, నువ్వు మొన్న వేటకెళ్లే ముందురోజు దీంతోనే ఎడమవైపు నుంచి రెండే దెబ్బలు కొట్టాను."