ఎర్ర వరసలు, పచ్చ వరసలు

ఆ మెయిల్ వచ్చేసరికి ఆమె కొత్త టీ కప్పులకు అంటించిన ధర కాగితాలను గోటితో గీకుతోంది.

"ఏమోయ్! టీమ్ లీడర్ పోస్టు నాకే వచ్చింది!" హాల్లోంచి భర్త కేక.

కప్పులు వదిలేసి పరిగెత్తింది. ఇద్దరూ చేతులు పట్టుకుని గిరగిరా తిరిగారు.

పెళ్లయి రెండు నెలలు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు. ఉన్న ఒక్క పోస్టుకీ ఇద్దరూ పోటీపడ్డారు. ఇచ్చిన సమస్యకు ఎవరి ప్రోగ్రామ్ వాళ్లే రాసి పంపాలి.

"నీకు రాలేదని బాధగా ఉందా?"

"మీకొస్తే నాకొచ్చినట్టు కాదూ!"

అతను ఈల వేసుకుంటూ మిఠాయి తేవడానికి వెళ్లాడు.

గెలిచిన ప్రోగ్రామ్‌ను అందరూ చూసేందుకు మెయిల్‌కు జతచేశారు. ఆమె దాన్ని తెరిచి, తను పంపినదాన్ని పక్కన పెట్టింది. మొదటి పది వరసలూ అచ్చం ఒకటే! కింద ఇంకా వందల వరసలున్నాయి. ఆడపడుచుకు ఫోన్ చేసింది. ఆ అమ్మాయిది కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం.

"కళ్లు పోగొట్టుకోవడం దేనికి వదినా? కంప్యూటర్లోని ప్యాకేజీ మేనేజర్‌కి ఫైళ్లు పోల్చే టూల్ పేరు చెప్పు, అదే తెచ్చి పెడుతుంది. రెండు ఫైళ్లూ దానికిచ్చావంటే తేడాలు చూపిస్తుంది. నీవి ఎర్రగా, అన్నయ్యవి పచ్చగా."

"తేడా లేకపోతే?"

"కిమ్మనదు. అలిగినప్పుడు మా అన్నయ్య లేడూ, అలాగ."

"ఆయన్నేం అనకు. నా దగ్గర దాపరికమే లేదు. కంప్యూటర్ పాస్‌వర్డ్ కూడా నా పుట్టినరోజే, తెలుసా!"

"అబ్బో! అంత నమ్మకమైతే ఈ పోలికలెందుకమ్మా?"

ఆమె నవ్వేసి, ఫోన్ అలాగే స్పీకర్లో పెట్టి, ఆదేశాలు కొట్టే నల్ల తెర తెరిచింది. ఆడపడుచు చెప్పిన ఆదేశం కొట్టింది. ఇన్‌స్టాల్ చేయనా అని కంప్యూటర్ అడిగింది. చెయ్యమంది. నాలుగు వరసలు గబగబా జారిపోయాయి, అంతే. ముందు తన ఫైలును అదే ఫైలుతో పోల్చి చూసింది. నిజంగానే కిమ్మనలేదు. భలే ముచ్చటేసింది.

ఇక అసలు పని. తనదీ, ఆయనదీ. ఎంటర్ నొక్కింది.

తెర నిండిపోయింది. ఎరుపు, పచ్చ, మళ్లీ ఎరుపు. ఆపకుండా జారుతూనే ఉన్నాయి. ఆ మొదటి పది తప్ప ఒక్క వరస కలిస్తే ఒట్టు.

"ఏమంటోంది వదినా?"

"అన్నీ... అన్నీ తేడాలే."

"హమ్మయ్య! మా అన్నయ్య నీది కాపీ కొట్టలేదు. బతికిపోయాడు!"

ఆమె ముక్కు ఎగబీల్చింది. తెరమీది రంగులన్నీ అలుక్కుపోయాయి.

"ఏడుస్తున్నావా? వేరువేరుగా ఉంటే మంచిదేగా!"

"ఇంత మోసమా! నన్నింత నమ్మించి..." ఫోన్ పెట్టేసింది.

గుమ్మంలో ఈల వినిపించింది. ఇవాళ్టికి నవ్వుతూ మిఠాయి తినేసి, రేపు పొద్దున టీ చేతికిచ్చేముందే ఆయన్ను నిలదీయాలని కళ్లు తుడుచుకుంది: తన పుట్టినరోజు కొట్టి ఆయన కంప్యూటర్లోంచి తను కాపీ చేసుకుని పంపిన ఫైలు, ఆయన ఎప్పుడో పనికిరాదని పక్కన పారేసిన చిత్తుప్రతి అన్న సంగతి కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పకుండా దాస్తారా అని.