మనిషి అడుగుపెట్టని చోటు

మా కొండని టూరు కంపెనీవాళ్లు 'మనిషి అడుగుపెట్టని చోటు' అని అమ్ముతున్నారు. వచ్చేవాళ్లకి వాళ్లిచ్చే కళ్లద్దాలు మా ఇళ్లనీ, నా కిరాణా కొట్టునీ, మమ్మల్నీ చెరిపేసి ఉత్త అడవినే చూపిస్తాయి. మా మాటలు కూడా చెవిన పడనివ్వవు.

పొద్దున ఒకడు నా భార్య నూకాలమ్మని గుద్దేశాడు. బిందె దొర్లి నీళ్లన్నీ నేలపాలయ్యాయి. "ఇక్కడ గాలి భలే విసురుగా ఉందే" అనుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం వాడే కాలు మెలిపడి, నోరు పిడచకట్టుకుపోయి, సరిగ్గా నా కొట్టు ముందే కూలబడ్డాడు. "ఎవరైనా ఉన్నారా?" అని అరిచాడు. ఆ అద్దాలు తియ్యాలని మాత్రం తోచలేదు.

నూకాలమ్మ చెంబు పట్టుకుని లేచింది. "దాహంతో పోయేలా ఉన్నాడయ్యా. నీళ్లిచ్చొస్తాను."

"కూర్చో నూకాలూ. ఎవరూ ఉండకూడదని లక్షలు పోసి కొనుక్కున్నాడు. కొన్న సరుకు పూర్తిగా అందనీ."